బండి దగ్గింది, గొడవ ముదిరింది

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఇంటర్, డిగ్రీ విద్యార్థుల ముందు ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు అలంకారాల మీద చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే.

"అలంకారాల గురించి చెప్పండి మాస్టారూ, పిల్లలకు పరీక్షల్లో పనికొస్తుంది" అని నన్ను పిలిచారు. ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్ళకు పైగా అలంకారాలు చెప్పాను. అందులో సగం కాలం తప్పుగా చెప్పాను. లక్షణాలు తప్పు చెప్పలేదు, ఉదాహరణలూ తప్పు చెప్పలేదు. చెప్పిన పద్ధతే తప్పు. అది నాకెలా తెలిసిందో వినండి.

ఒకసారి బళ్ళో పెట్టిన పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఉపమాలంకారాన్ని లక్షణంతో, ఉదాహరణతో రాయమని ప్రశ్న. ఒక్కడు తప్ప క్లాసంతా ఒకటే ఉదాహరణ రాసింది. మీరూ రాసే ఉంటారు: "ఓ కృష్ణా! నీ కీర్తి హంసవలె ఆకాశగంగ యందు మునుగుచున్నది." ఆ ఒక్కడు మాత్రం "మా నాన్న బండి పొద్దున్నే తాతయ్యలా దగ్గుతుంది" అని రాశాడు. నేను దాని కింద ఎర్ర గీత గీసి మార్కు కోసేశాను. ఎందుకు కోశావని ఆ రోజు ఎవరైనా అడిగితే, పాఠంలో చెప్పిన ఉదాహరణ రాయలేదు కదా అనేవాణ్ణి.

మర్నాడు పొద్దున నా స్కూటర్ కిక్కు కొడుతున్నాను. ఒకటి, రెండు, మూడు. నాలుగోసారి ఖళ్ళు ఖళ్ళుమంది. అక్కడే ఆగిపోయాను. ఉపమకు నాలుగుండాలి కదా. బండి ఉపమేయం, అంటే మనం చెప్పదలచుకున్న వస్తువు. తాతయ్య ఉపమానం, అంటే పోలికకు తెచ్చుకున్నది. దగ్గడం సమానధర్మం. 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. పైగా వాడు 'పొద్దున్నే' అన్నాడు. ముసలి గొంతుకీ పాత ఇంజనుకీ చలి తగిలేది ఆ వేళకే. వాడు తాతయ్యనూ చూశాడు, బండినీ చూశాడు, రెంటినీ కలిపాడు. నేనేమో వాడి మార్కు కోశాను.

ఆ రోజు క్లాసులో మిగతావాళ్ళను అడిగాను. "కీర్తి మునగడం ఏమిట్రా? హంసకీ కీర్తికీ పోలికేమిటి?" ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ళ తప్పేం లేదు, నేను చెబితే కదా తెలిసేది. ఆ వాక్యం నిజానికి ఒక సంస్కృత శ్లోకంలో సగానికి తెలుగు. 16వ శతాబ్దంలో అప్పయ్య దీక్షితులు రాసిన కువలయానందంలో ఉంది: "హంసీవ కృష్ణ తే కీర్తిః స్వర్గంగామవగాహతే." మన కవులకు కీర్తి తెల్లగా ఉంటుంది. ఎవరూ చూసింది కాదు, అదొక కట్టుబాటు. దాన్నే కవిసమయం అంటారు. హంస తెలుపు. ఆకాశగంగలో మునిగిందంటే కృష్ణుడి కీర్తి స్వర్గం దాకా ఎక్కిందని. ఇంకో ముచ్చట చూడండి. శ్లోకంలో ఉన్నది హంస కాదు, 'హంసీ', ఆడహంస. సంస్కృతంలో కీర్తి స్త్రీలింగం కనుక పోలికకు ఆడహంసనే తెచ్చారు. తెలుగులోకి వచ్చేసరికి ఆ ముచ్చట జారిపోయింది. ఇదంతా తెలిస్తే ఎంత బాగుంది! తెలియకపోతే అది మునిగే హంసే.

మరి ఈ పాఠాల్లో ఎప్పుడు చూసినా 'ఓ రాజా', 'నీ కీర్తి', 'నీ ఖడ్గం' అని ఎందుకుంటాయంటారా? పాతకాలంలో అలంకారశాస్త్రం రాసిన చాలామందికి వెనక ఒక రాజు ఉండేవాడు. మన ఓరుగల్లులో విద్యానాథుడు ప్రతాపరుద్రీయం రాశాడు. అందులో లక్షణాలు అలంకారాలవి, ఉదాహరణలన్నీ కాకతీయ ప్రతాపరుద్రుడి పొగడ్తలు. ఒకే పుస్తకంతో పాఠమూ అయింది, ప్రభువు మెప్పూ దక్కింది. మనకు రాజులు లేరు కాబట్టి నాన్న బండి చాలు.

పోలిక ఉన్నచోటల్లా ఉపమ కాదు, ఇది గుర్తుపెట్టుకోండి. "వాడు అచ్చం వాళ్ళ నాన్నలాగే ఉన్నాడు" అంటే అలంకారమా? 'లా' ఉంది, పోలికా ఉంది. అయినా కాదు. శాస్త్రంలో దీనికో పాత ఉదాహరణ ఉంది: "ఆవులాంటిది గవయం." గవయమంటే అడవిలో తిరిగే ఒక జంతువు. అది ఆవులా ఉంటుందని చెబితే గుర్తుపట్టడానికి పనికొస్తుంది, అంతే. అందులో చమత్కారం లేదు. బండినీ తాతయ్యనీ ఎవరూ ఒక గాటన కట్టరు. కట్టగానే వినేవాడి మొహంలో చిన్న నవ్వు మెరుస్తుంది. ఆ మెరుపే అలంకారం.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. భరతుడి నాట్యశాస్త్రం చెప్పినవి నాలుగే అలంకారాలు: ఉపమ, రూపకం, దీపకం, యమకం. కువలయానందం నాటికి వంద దాటాయి. అన్ని పేర్లు కంఠతా పట్టాలంటే టెన్షన్ రాదూ? కానీ అదే దీక్షితులవారు ఇంకో పుస్తకంలో భలే మాటన్నారు. ఉపమ ఒక్కతే నటి అట. రకరకాల వేషాలు కట్టుకుని కావ్యమనే రంగస్థలం మీద ఆడుతూ తెలిసినవాళ్ళ మనసులు దోచుకుంటుందట. అంటే చాలా అలంకారాల వెనకున్నది ఒక్క పోలికే. నమ్మకం పెరిగేకొద్దీ వేషం మారుతుంది.

మా గుంటూరు వైపు మిరపకాయలు ఆరబోసిన కల్లం మీలో ఎంతమంది చూశారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. చూడనివాళ్ళు కళ్ళు మూసుకుని ఊహించుకోండి. ఎకరం నేల, దాని నిండా ఎర్రటి కాయలు, మాఘమాసపు ఎండ, గాలి వీస్తే ఘాటు.

"కల్లంలో మిరపకాయలు నిప్పు కణికల్లా ఉన్నాయి." ఇది ఉపమ. ఇక్కడ మీకు రెండూ వేరని తెలుసు. పోలుస్తున్నారంతే.

"నేలకు నిప్పంటుకుందేమో అన్నట్టుంది." ఉత్ప్రేక్ష. ఊహ ఒక అడుగు ముందుకేసింది. 'ఏమో', 'కాబోలు', 'అన్నట్టు' అనేవి దాని గుర్తులు.

"మిరపకాయలా, మంటలా?" సందేహం. ఎటూ తేల్చుకోలేదు.

పట్నం నుంచి వచ్చిన అల్లుడుగారు దూరం నుంచి చూసి "కల్లం తగలబడుతోంది, నీళ్ళు తెండి!" అని అరిచాడనుకోండి. అది భ్రాంతిమంతం. ఆయన నిజంగానే పొరబడ్డాడు.

"ఇవి మిరపకాయలు కావు, నిప్పు కణికలు." అపహ్నవం. ఉన్నదాన్ని కాదని దాచేసి ఇంకోదాన్ని నిలబెట్టడం.

"ఈ మిరపకాయలు నిప్పు కణికలే." రూపకం. రెంటికీ తేడాయే లేదన్నాం.

ఇక చివరిది. "రైతు ఎకరం నిండా నిప్పులు ఆరబోశాడు." మిరపకాయ అన్న మాటే లేదు! ఉపమానం ఉపమేయాన్ని పూర్తిగా మింగేసింది. శాస్త్రం దీన్ని రూపకాతిశయోక్తి అంటుంది. బడి పుస్తకంలో అతిశయోక్తి అంటే 'ఉన్నదాని కంటే ఎక్కువ చేసి చెప్పడం' అని చదువుకున్నాం. అదీ ఒక రకమే. కానీ శాస్త్రం ముందుగా చెప్పే అతిశయోక్తి ఈ మింగేయడమే.

చూశారా, వస్తువు ఒకటే. పోల్చాం, ఊహించాం, సందేహపడ్డాం, పొరబడ్డాం, కాదన్నాం, అదే అన్నాం, చివరికి అసలు పేరే మరిచాం. ఇక పేర్లు బట్టీ పట్టడమెందుకు?

ఆ కల్లం దగ్గరే ఇంకొంచెం సేపు కూచుందాం. అవే కాయలు రైతుకు, ధర బాగున్న ఏడాది, బంగారం. తొడిమలు తీసే ఆడకూలీకి దగ్గు, చేతుల మంట. వ్యాపారికి కోల్డ్ స్టోరేజీలో పెట్టాల్సిన బస్తాలు. ఒకే వస్తువు ఒక్కొక్కరికి ఒక్కో విధంగా కనబడితే దాన్ని ఉల్లేఖం అంటారు. ధర పడిపోయిందనుకోండి, అదే రైతు "మా కళ్ళల్లో కారం కొట్టారు" అంటాడు. నాకు శాస్త్రంలో కంటే ఈ మాటలో ఎక్కువ కనిపిస్తుంది. ఎక్కడెక్కడి పోలికో తెచ్చుకోలేదు ఆయన, తన కల్లంలో ఉన్నదాంతోనే తన బాధ చెప్పుకున్నాడు. ఎవరైనా పోలిక తెస్తే నేను మొదట అడిగేది అదే. ఇది ఏ ఇంటి నుంచి వచ్చింది? ఎవరి పెరట్లోది?

ఉపమా, రూపకమా అని తేలని చోట్లు కొన్నుంటాయి. 'ముఖచంద్రుడు' అన్నారనుకోండి. చంద్రుడి లాంటి ముఖమా, ముఖమనే చంద్రుడా? సమాసం రెండు వైపులా తిరుగుతుంది. అప్పుడు క్రియను పట్టుకోవాలి. "తల్లి బిడ్డ ముఖచంద్రుణ్ణి ముద్దాడింది" అంటే ఉపమ. ముద్దాడేది ముఖాన్నే కదా, చంద్రుడు పక్కనున్న పోలిక. "ముఖచంద్రుడు వెన్నెల కురిపించాడు" అంటే రూపకం. వెన్నెల కురిపించేది చంద్రుడు, ముఖం ఆయనలో కలిసిపోయింది. పరీక్షలో దీన్ని అడిగితే సంతోషిస్తాను, అడగరు.

ఇప్పుడు మీరు రోజూ వాడుతూ అలంకారమని అనుకోనివి కొన్ని చూద్దాం. బస్టాండు బయట నిలబడి "ఏయ్ ఆటో, ఇటు రా!" అంటారు. వచ్చేది ఆటోనా? నడిపే మనిషి. హోటల్లో సర్వర్ లోపలికి కేక వేస్తాడు: "నాలుగో టేబుల్ కాఫీ అడుగుతోంది!" టేబుల్ కాఫీ తాగుతుందా? ఊరంతా పెళ్ళికొచ్చింది అంటాం. ఇళ్ళూ, బావీ, రచ్చబండా లేచి రాలేదు. మాటకున్న నేరు అర్థం పొసగకపోతే దాని పక్కనున్న అర్థాన్ని పట్టుకుంటాం. ఈ శక్తికి లక్షణ అని పేరు. పాత ఉదాహరణ 'గంగలో గొల్లపల్లె'. నీళ్ళలో ఊరుండదు కాబట్టి గంగ ఒడ్డున అని అర్థం చేసుకుంటాం. ఒడ్డున అనకుండా 'గంగలో' అనడం దేనికి? ఆ చల్లదనం, ఆ పవిత్రత ఊరికి అంటించడానికి. ఇంగ్లీషు మీడియం పిల్లలు దీనికి దగ్గరి దాన్ని అలంకారాల లెక్కలోనే చదువుతారు. మనవాళ్ళు దీన్ని శబ్దశక్తుల్లో, అంటే మాట అర్థాన్నిచ్చే తీరుల్లో, పెట్టారు. అందుకే బడి పుస్తకంలో కనబడదు.

దాని చుట్టమే ఎత్తిపొడుపు. పది గంటలకు లేచిన కొడుకును చూసి అమ్మ "మహారాజుగారు అప్పుడే లేచారా!" అంటుంది. (నవ్వులు) నవ్వినవాళ్ళంతా పదింటికి లేచేవాళ్ళే. అదే పొగడ్త ముసుగులో తిట్టు. మన శాస్త్రంలో వ్యాజస్తుతి అనే పెద్ద పేరుంది. అమ్మకు ఆ పేరు తెలియదు, పనితనం మాత్రం బాగా తెలుసు.

ఇక జాతీయాలు. ఇవి ఒకప్పుడు పోలికలే. అరిగి అరిగి మామూలు మాటలైపోయాయి. గొడవ ముదిరింది అంటాం. ముదరడం అనేది ఎక్కడి మాట? కూరగాయల బండి దగ్గరకు వెళ్ళి మీ అమ్మగారిని చూడండి. బెండకాయ తీసుకుని కొన దగ్గర బొటనవేలితో వంచుతుంది. టక్కున విరిగితే లేత, గంపలో పడుతుంది. విరక్కుండా పీచు సాగి వంగిందా, ముదురు, పక్కన పడేస్తుంది. ఇప్పుడు 'గొడవ ముదిరింది' అన్న మాట మళ్ళీ వినండి. మొదట్లో ఎవరో పెద్దమనిషి పూనుకుంటే టక్కున తెగిపోయేది. ఇప్పుడు పీచు పట్టింది, ఇక విరగదు. జబ్బు ముదిరింది, అప్పు ముదిరింది, "వాడు మహా ముదురు". అన్నింటి వెనకా ఆ బొటనవేలే ఉంది.

పాపం పండింది అంటారు. పండు పండాక కోయక్కర్లేదు, దానంతటదే రాలుతుంది. ఆ ధీమా ఉంది ఆ మాటలో. అదే 'పండటం' ఇంకోచోట అదృష్టం: "నీ పంట పండిందిరా."

రాసేటప్పుడు ఈ పాత బొమ్మను మరిచిపోతే నవ్వులపాలవుతాం. ఉపన్యాసాల్లో ఇలాంటివి వింటుంటాను: "సమస్యల సుడిగుండంలో వేళ్ళూనుకున్న అవినీతి." సుడిగుండంలో వేళ్ళెలా ఊనుతాయి బాబూ? నీళ్ళ పోలిక మొదలుపెడితే ఆ వాక్యం అయ్యేదాకా నీళ్ళలోనే ఉండాలి, మధ్యలో గట్టెక్కి మొక్క నాటకూడదు.

నాకు అన్నింటికంటే ఇష్టమైనవి కొలతలతో చెప్పే అతిశయోక్తులు. తెలుగువాడు దుఃఖాన్ని కూడా కొలిచాడు. పుట్టెడు దుఃఖం. పుట్టి ధాన్యపు కొలత. కుంచాలు నాలుగైతే తూము, తూములు ఇరవై అయితే పుట్టి. కుంచం పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారేది కానీ పుట్టి ఎక్కడైనా ఒక మనిషి ఎత్తగలిగేది కాదు, బండి కట్టాల్సిందే. పుట్టెడు దుఃఖంలో ఉంది అంటే ఒక్కతే మొయ్యలేదు అని. బండెడు చాకిరీ, గంపెడాశ, కడివెడు కన్నీళ్ళు, చేరెడేసి కళ్ళు, బారెడు పొద్దెక్కింది. ఆశకు గంప ఎందుకు, కన్నీళ్ళకు కడవ ఎందుకు? గంపలో సంత నుంచి సరుకు వస్తుంది, కడవలో నీళ్ళు. ఎవరు కేటాయించారో తెలియదు కానీ మార్చి చూడండి. 'కడివెడాశ', 'గంపెడు కన్నీళ్ళు'. గంపలో కన్నీళ్ళు నిలవవు!

శబ్దాలంకారాల దగ్గర, అంటే మాటల చప్పుడుతో వచ్చే అలంకారాల దగ్గర, ఎక్కువసేపు ఆగను, ఒక్కచోట తప్ప. అనుప్రాస అంటే ఒకే హల్లు మళ్ళీ మళ్ళీ రావడమని, యమకమంటే అవే అక్షరాలు వేరే అర్థంతో రావడమని మీకు తెలుసు. "మానవా! నీ ప్రయత్నం మానవా?" లాంటివి మీ క్లాసులో అయిపోయాయి. ఆగాల్సింది పోతన గజేంద్రమోక్షం దగ్గర. విష్ణువు ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. లక్ష్మీదేవి వెనకాల వెళుతోంది. ఎక్కడికని అడుగుదామని గబగబా నడుస్తుంది, అడిగితే బదులు చెప్పడేమోనని ఆగిపోతుంది. "వెడవెడ సిడిముడి తడబడ" అంటాడు పోతన. ఒకసారి గట్టిగా అనండి అందరూ. (సభలో అంటారు) నాలుక ఎన్నిసార్లు అంగిట్లో తట్టుకుంది? పద్యమంతా అలాగే 'డ' మీదే నడుస్తుంది. ఆవిడ అడుగు తట్టుకున్నప్పుడల్లా మన నాలుకా తట్టుకుంటుంది. పరీక్షలో దీన్ని వృత్త్యనుప్రాస అని రాసి రెండు మార్కులు తెచ్చుకోండి. కానీ ఆ డకారం అక్కడ అందం కోసం పెట్టింది కాదు. అది ఆవిడ నడక.

శ్లేష, అంటే ఒకే మాటలో రెండర్థాలు, కావాలంటే పేపరు చూడండి. ఉల్లిధర పెరిగినప్పుడల్లా ఎక్కడో ఓ చోట 'కన్నీరు పెట్టిస్తున్న ఉల్లి' అని హెడ్డింగ్ వస్తుంది. కోసినా కన్నీరే, కొన్నా కన్నీరే. మొదటిసారి రాసినవాడు ఘనుడు. ఇప్పుడది కూడా ముదిరిన బెండకాయే.

స్వభావోక్తి గురించి ఒక్కమాట. ఉన్నది ఉన్నట్టు చెప్పడం అలంకారమెలా అవుతుందని మీలాగే పాతవాళ్ళూ కొట్లాడుకున్నారు. సంస్కృతంలో అలంకారశాస్త్రం రాసిన దండి దాన్ని అన్నింటికంటే ముందు పెట్టాడు. ఆ శాస్త్రమే రాసిన కుంతకుడు ఒప్పుకోలేదు. వస్తు స్వభావమే నగ అయితే ఆ నగ పెట్టుకునే ఒళ్ళేదీ అని ఆయన అభ్యంతరం. నా ఓటు దండికే. ఇందాకటి బెండకాయ సంగతిలో నేను పోలికేమీ చెప్పలేదు, బొటనవేలు ఏం చేస్తుందో చెప్పానంతే. మీకు కనబడింది కదా?

టైము అయిపోతోందని సైగ చేస్తున్నారు. ఎవరైనా ఏమన్నా అడుగుతారా? ఆ చివర అమ్మాయి, అడుగమ్మా.

(ఒక విద్యార్థిని: "మాస్టారూ, 'చెట్టంత కొడుకు' అంటారు కదా. అది ఉపమా, అతిశయోక్తా?")

మంచి ప్రశ్న. 'అంత' అనేది కొలత మాట, కాబట్టి చూడగానే అతిశయోక్తి అనిపిస్తుంది. మనిషి చెట్టంత ఎత్తుండడు కదా. కానీ ఆ మాట ఎప్పుడంటారో గుర్తు చేసుకో. "చెట్టంత కొడుకుండగా నాకేం భయం" అంటుంది తల్లి. లేకపోతే ఆ కొడుకు పోయినప్పుడు అంటారు. కొత్త బట్టలు కొనేటప్పుడు, ఎత్తు కొలిచేటప్పుడు ఎవరూ అనరు. అంటే అక్కడ కొలుస్తున్నది ఎత్తును కాదు, నీడను. సమానధర్మాన్ని పైకి చెప్పకుండా దాచారు కాబట్టి నేనైతే లుప్తోపమ అంటాను. మీ మాస్టారు అతిశయోక్తి అంటే పరీక్షలో అదే రాయి, ఆయనతో గొడవ పెట్టుకోకు. మా వీధిలో ఒకాయన అయిదడుగులు కూడా ఉండడు. వాళ్ళమ్మ మాత్రం ఇప్పటికీ "మా చెట్టంత కొడుకు" అనే అంటుంది.